కొట్టుడు మానిన కారులో బెళుగుప్పకు

మా బెజవాడ వాళ్ళకి ఎండ గురించి వేరే ఊరివాళ్ళు చెప్పాల్సిందేమీ లేదని నా అభిప్రాయం. ఆ పొగరుతోనే రైలెక్కి గుంతకల్లులో దిగాను. ప్లాట్‌ఫారం దాటేసరికి పొగరు దిగిపోయింది. మా ఎండ మనిషిని ఉడకబెడుతుంది, అక్కడి ఎండ వేయిస్తుంది. చొక్కా మాత్రం తడవదు. చెమట పట్టినా పట్టినచోటే ఆరిపోతుంది. ఆ ఎండలో నాకు నచ్చిన గుణం అదొక్కటే.

నేను వెళ్ళింది ఊళ్ళు చూడ్డానికి కాదు, ఒక కారును బాగుచెయ్యడానికి. నేను కార్ల మెకానిక్‌ని. పెట్రోలు బళ్ళు, అందులోనూ పాతవి, ఊరంతా తిరిగి చివరికి నా షెడ్డుకే వస్తాయి. ధర్మవరం నుంచి నారాయణప్పగారనే పట్టుచీరల వ్యాపారి మా ఊరి కొట్లకు సరుకు తెస్తుండేవారు. అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, నుదుట గంధం, మనం మాట్లాడుతుంటే మన నోటివంకే కన్నార్పకుండా చూసే అలవాటు. ఎంత శ్రద్ధగా వింటారో అనుకునేవాణ్ణి. ఒకసారి ఆయన చీరల మూట విప్పి, మడతల మధ్యనుంచి తుప్పుపట్టిన రేకు డబ్బా ఒకటి తీసి నా బల్లమీద పెట్టారు.

"ఇది సచ్చిపోయిందంట. దీని జోడు యాడన్నా దొరుకుతాదేమో చూడప్పా" అన్నారు.

కారు ఇంజనుకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటరు పక్కన ఉండే వాక్యూమ్ డబ్బా అది. ఆయన దగ్గర ఇంగ్లండు నుంచి వచ్చిన పాత కారు ఉందని అప్పుడే తెలిసింది. అలాంటిదే ఒక కారు మా ఊళ్ళో పాత ఇనుప సామాన్ల కొట్లో పడి ఉంటే, దాని డబ్బా ఊడదీయించి కబురు పెట్టాను. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన డబ్బా తీసుకోలేదు, నన్ను పట్టుకున్నారు.

"నువ్వే వచ్చి బిగించల్ల మేస్త్రీ. మా పెద్దోడు కారు అమ్మేద్దామంటాండాడు. బెళుగుప్పలో మా బామ్మర్ది బోరేసినాడు, నీళ్ళు పడినాయి, పూజకు పిలిచినాడు. నేను ఈ కారు తోలుకోని పోయి, తోలుకోని తిరిగొస్తే సరి. దావలో నిలబడిందంటే గుజిరీవాడికి పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేస్తా అన్నాడు పెద్దోడు. అదిపోతే నేనూ మూలకు పడినట్లే."

ఆ చివరిమాటకి కాదనలేకపోయాను. డబ్బా సంచీలో వేసుకుని బయల్దేరాను.

గుంతకల్లు

స్టేషను బయట ఒకావిడ పొయ్యి దగ్గర కూర్చుని ఉగ్గాని అమ్ముతోంది. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తాలింపులో కలిపి, పైన పుట్నాలపొడి చల్లుతారు. మనం మరమరాలంటామే, అవే బొరుగులు. మా వైపు వాటిని పిల్లల చిరుతిండి కింద చూస్తాం. అక్కడ అది పెద్దవాళ్ళ ఉదయపు ఫలహారం.

"ఇడ్లీ లేదా అమ్మా?" అని అడిగాను.

"ఇడ్లీ జొరమొచ్చినోళ్ళకప్పా. నీకు జొరమా?"

నోరు మూసుకుని ఉగ్గాని తిన్నాను. పక్కన మిరపకాయ బజ్జీ లేకుండా ఇవ్వదట, అదేం నియమమో. గుంటూరు కారం తిన్న నాలుక నాది, అయినా రెండో బజ్జీకి కళ్ళవెంట నీళ్ళు. ఆవిడ తృప్తిగా నవ్వి ఇంకో గరిటె ఉగ్గాని ఊరికే వేసింది. ప్లేటుకు ఆవిడ తీసుకున్న డబ్బుకి మా స్టేషను దగ్గర ఒక కాఫీ, దాంతోపాటు ఒక విసురుమాట, అంతే వస్తాయి.

ధర్మవరం

గుంతకల్లులో రైలు మారి, నారాయణప్పగారి వీధిలోకి వెళ్ళేసరికి దారి మూసి ఉంది. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పట్టుదారాల పడుగు లాగి కట్టి, ఇద్దరు మనుషులు చీపురులాంటి కుంచెతో దువ్వుతున్నారు. సైకిళ్ళు దిగి నిలబడ్డాయి. ఒక జీపు కూడా ఇంజను ఆపుకుని ఓపిగ్గా కూర్చుంది. ఒక్కరూ హారన్ కొట్టలేదు. మా బందరు రోడ్డులో ఎవరైనా దారాలు కడితే ఏమయ్యేదో ఊహించుకుని నవ్వుకున్నాను.

ఇంట్లో అడుగు పెడితే మగ్గాల మోత. వరసగా గుంటల్లో మగ్గాలు, వాటిమధ్య అందరూ అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నారు. మొదట తగువు అనుకున్నాను. "కాళ్ళు కడుక్కోండ్రి" అన్నది కూడా అరుపే. ఆ మాట అన్నది నారాయణప్పగారి భార్య ఓబుళమ్మగారు. పొడుగ్గా, ఎముకల మనిషి, నవ్వితే ముక్కుపుడక కదులుతుంది. చిత్రాన్నం, ఓళిగలు, వేరుశెనగ్గింజలు నూరిన ఊరిబిండి పచ్చడి వడ్డించారు. మా పులిహోరకూ వాళ్ళ చిత్రాన్నానికీ పోటీ పెడితే నేను మా ఊరికే ఓటేస్తాను గానీ, ఓళిగ విషయంలో తలవంచుతాను. మా బొబ్బట్టు దానిముందు రొట్టె.

భోజనమయ్యాక కారు చూశాను. మజ్జిగ రంగు, గుండ్రటి ముక్కు, ఎక్కడా గీత లేదు. ముచ్చటేసింది. స్టార్ట్ చేసి యాక్సిలరేటరు తొక్కగానే ఆ ముచ్చట కాస్తా ఎగిరిపోయింది. ఖాళీ డబ్బాలో ఎండు శెనక్కాయలు పోసి ఆడించినట్టు కటకటకట!

"ఎవరయ్యా దీనికి టైమింగ్ పెట్టింది?" అని అరిచాను. ఆ ఇంట్లో అరుపు కొత్త కాదు కనక ఎవరూ ఉలిక్కిపడలేదు.

"నేనే సాబ్" అంటూ ఒకాయన ముందుకొచ్చాడు. బాషా అని, ఆ ఊరి ఆయిలింజన్ల మెకానిక్. చుట్టుపక్కల బావుల మీది డీజిల్ ఇంజన్లన్నీ ఆయనే చూస్తాడట. ఊళ్ళో కార్లు తక్కువ కనక ఇదీ ఆయన నెత్తినే పడింది.

"ఆయిలింజను చెవులయ్యా నీవి! డీజిలు కొట్టుకుంటే ఆరోగ్యం. పెట్రోలు ఇంజను ఇట్లా కొట్టుకుంటే పిస్టనుకు చిల్లిపడుతుంది."

"తెల్సు సాబ్."

"తెలిసి ఎందుకు పెట్టావు?"

బాషా ఒకసారి నారాయణప్పగారి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ డబ్బా సచ్చిపోయినంక బండి లాగకుండా ఉన్నింది, అందుకని కొంచెం ముందుకు పెట్టినా. అన్న ఇంకా పెట్టు అన్నాడు. ఇంకా అన్నాడు. అన్నకు ఇంజను పలకల్ల సాబ్. యాలనో అన్ననే అడుగు."

నేను అడగలేదు. నాకు అర్థమైపోయిందనుకున్నాను. నీళ్ళకోసం ఆకాశం వంక చూసే సీమలో బావి మీద ఇంజను టకటకమందంటే ఊరికి ప్రాణం లేచొస్తుంది. అలాంటి చోట పుట్టిన మనిషికి చప్పుడు చెయ్యని ఇంజను నీరసంగా కనిపించడంలో వింతేముంది? అలా మనసులో తీర్పు చెప్పేసుకున్నాను.

కారు తోలనివాళ్ళకోసం ఈ టైమింగ్ సంగతి రెండు మాటల్లో చెబుతాను. ఉయ్యాల ఊపుతాం కదా. ఉయ్యాల మన దగ్గరికి వచ్చి వెనక్కి మళ్ళే క్షణంలో తోస్తే హాయిగా సాగుతుంది. ఇంకా మన మీదికి వస్తుండగానే తోస్తే మన చెయ్యి విరుగుతుంది. ఇంజనులో పిస్టను పైకి వచ్చి మళ్ళే సమయానికి మంట పూర్తిగా అంటుకోవాలి. అంటుకోవడానికి కొంచెం వ్యవధి పడుతుంది కనక నిప్పురవ్వ ఒక వెంట్రుకవాసి ముందు పడాలి. మరీ ముందు పడితే మంటా పిస్టనూ ఎదురెదురు గుద్దుకుంటాయి. ఆ గుద్దులాటే ఈ కొట్టుడు. ఇక వాక్యూమ్ డబ్బా పనేమిటంటే, చదును రోడ్డు మీద మనం కాలు తేలికగా పెట్టి పోతున్నప్పుడు లోపల గాలీ పెట్రోలూ పలచగా ఉండి నెమ్మదిగా మండుతాయి. అప్పుడు ఇంజను తన ఊపిరితోనే ఆ డబ్బాను పీల్చి, రవ్వను ఇంకాస్త ముందుకు జరుపుకుంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ పీల్పు పోతుంది, రవ్వ దానంతటదే వెనక్కి వస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి!

పాత డబ్బా గొట్టాన్ని నోట్లో పెట్టుకుని ఎంత పీల్చినా లోపలి పలక కదల్లేదు. పొర చిరిగింది. నేను తెచ్చినది బాషా పీల్చాడు. పలక కదిలింది, గొట్టం చివర నాలుక ఆనిస్తే అంటుకుపోయింది. "పట్టింది సాబ్!" అని నాలుక బయటపెట్టే అన్నాడు. ఇద్దరం నవ్వాం. మా మధ్య కోపం అక్కడితో సరి.

డబ్బా బిగించి టైమింగ్‌కి దిగాం. మొదటి ప్లగ్గు తీసి ఆ బెజ్జం మీద నేను బొటనవేలు పెట్టాను, బాషా హ్యాండిలు తిప్పాడు. గాలి వేలిని తోసేదాకా తిప్పించి, పుల్లీ మీది గాటును గుర్తుకు కలిపాం. డిస్ట్రిబ్యూటరు తీగకూ ఇంజను ఒంటికీ మధ్య చిన్న బల్బు పెట్టి తాళం తిప్పాను. డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులు చేసి దాని ఒంటిని చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పితే, లోపలి పాయింట్లు విడిపోయే చోట బల్బు వెలుగుతుంది. వెలిగినచోటే ఆపి బిగించాలి. ఆ చిన్న వెలుగు కోసం నేను ఎన్నేళ్ళయినా ఈ పని చేస్తాను.

ఇంజను స్టార్ట్ చేశాను. కొట్టుడు లేదు. మగ్గాల చప్పుడులో కారు తిరుగుతున్న సంగతే తెలియలేదు.

నారాయణప్పగారు బానెట్టు మీదికి వంగి, "ఊ, ఇంగ స్టార్టు చెయ్యి మేస్త్రీ" అన్నారు.

భలే ఛలోక్తి అనుకుని పగలబడి నవ్వాను. బాషా నవ్వలేదు. గడపలో నిలబడ్డ ఓబుళమ్మగారు కూడా నవ్వలేదు.

అనంతపురం దారి

మర్నాడు బయల్దేరాం. ముందు అనంతపురం, అక్కణ్ణుంచి పామిడిలో చీరలు ఇచ్చి వెనక్కి వచ్చి, తర్వాత బెళుగుప్ప. చీరల మూటలతో ఓబుళమ్మగారు వెనక కూర్చున్నారు. ముందు సీటు అతిథికే ఇవ్వాలని నారాయణప్పగారి పట్టు. పెద్దకొడుకు శ్రీరాములు గుమ్మంలో నిలబడి, "దావలో నిలబడితే ఫోను చెయ్యి నాయనా, లారీ పంపిస్తా" అన్నాడు. అందులో వెటకారమేమీ లేదు, మరీ మంచిగా అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

ఊరు దాటగానే మొదలైంది. నారాయణప్పగారు రెండో గేరులోనే ఇంజనును గావుకేకలు పెట్టించారు. ఆపైన ఎత్తు వచ్చినచోట పై గేరులో ఈడ్చి, మూలిగించి, ఆపేశారు. మళ్ళీ స్టార్టయ్యాక, తిరుగుతున్న ఇంజను మీదే స్టార్టరు బుడిపె లాగారు. పళ్ళకు పళ్ళు రాసుకుని కర్రుమంది. నా పళ్ళే అరిగినట్టయింది.

"తిరుగుతోందండీ బాబూ! తిరిగేదాన్ని ఎందుకు తిప్పుతారు?"

ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. జవాబూ లేదు. వెనకనుంచి బస్సు హారన్ మోతెక్కిపోతోంది. ఆయన నింపాదిగా రోడ్డు మధ్యనే పోతున్నారు. ఓబుళమ్మగారు సీటు పైనుంచి వంగి ఆయన ఎడమ భుజం తట్టారు. కారు వెంటనే పక్కకు జరిగింది. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు.

అనంతపురంలో ఒక హోటలు ముందు ఆగాం. ఆయన చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళగానే ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

"నీకు తెలిసిపోయిండాది గదప్పా. ఆయప్పకు చెవులు ఇనపడవు. ఏండ్లయింది, కొంచెం కొంచెంగా పోయినాయి. మగ్గాలింట్లో అందరం అరిసే మాట్లాడతాం, నోరు చూసి అర్తం చేసుకుంటాడు. ఎవురికీ తెలియలా. నాకూ బాషాకు తప్ప."

"మరి కారు?"

"ఆ కొట్టుడొక్కటే ఆయప్పకు అందేది. చెవికి కాదు, ఎముకకు. దాన్ని బట్టే గేరు మార్చేది. నువ్వు దాన్ని తీసేస్తివి." కోపం లేదు ఆ గొంతులో. "పెద్దోనికి చెప్పద్దప్పా. చెప్పినావంటే కారుతో పాటు ఈయప్పను గూడా ఇంట్లో కట్టేస్తాడు. మంచికే చేస్తాడు, గానీ ఈయప్ప బతకడు."

కాఫీ చల్లారిపోయింది. తాగలేకపోయాను. బాషా మీద అరిచిన నా అరుపు నాకే వచ్చి తగిలింది. నేను సరిచేసి చేతిలో పెట్టిన ఇంజను ఆ మనిషికి చచ్చిన ఇంజనుతో సమానం. పాత కొట్టుడు తిరిగిచ్చానా, ఈ నెల కాకపోతే వచ్చే నెలయినా పిస్టను పోతుంది. ఎటూ దారి కనపడలేదు.

పామిడి

పెన్నానది అంటే నేను మా కృష్ణలాంటిది ఊహించుకున్నాను. పామిడి వంతెన మీద నిలబడి చూస్తే కనుచూపుమేరా ఇసుక. ఒక మేకలాయన పక్కన నిలబడి ఉంటే, "నది యాడుందండీ?" అని వాళ్ళ మాటలోనే అడిగాను.

"కిందుండాది. తవ్వు, వస్తాది" అన్నాడు.

నిజమే. దిగి వెళ్ళాను. ఆడవాళ్ళు ఇసుకలో మోచేతిలోతు చెలమలు తీసి, ఊరిన నీళ్ళు చిన్న గిన్నెతో తోడి బిందెల్లోకి పోసుకుంటున్నారు. దోసిట పోశారు. చల్లగా, తియ్యగా ఉన్నాయి. మా కృష్ణ నీళ్ళకు ఆ రుచి లేదని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పలేదు గాని, లేదు.

నేను అలా నదీవిహారం చేస్తుండగా నారాయణప్పగారు చీరలు ఇచ్చేసి కారు దగ్గరికి వచ్చి, బానెట్టు ఎత్తి, డిస్ట్రిబ్యూటరు బోల్టు వదులు చేసి తనకు కావలసినట్టు తిప్పేసుకున్నారు. బాషా పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశారో! వెనక్కి తిరిగి బయల్దేరగానే మళ్ళీ కటకటకట. ఆయన మొహం విప్పారింది. చేతులు స్టీరింగు మీద కుదురుగా పడ్డాయి. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడుతున్నాయి. ఎంత మంచి డ్రైవరో అప్పుడు చూశాను. కానీ కొట్టే ప్రతి దెబ్బా నా వీపు మీదే పడుతోంది. ఆపమని భుజం పట్టుకు కుదిపాను. ఆపలేదు.

మిట్ట ఎక్కుతుండగా కారే ఆపింది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి బుస్సుమంది.

రోడ్డు పక్క కొట్టంలోంచి ఒకావిడ వచ్చింది. నీళ్ళు అడిగాను. చెంబుతో తెచ్చి, ముందు మమ్మల్ని తాగమంది. తాగాక రేడియేటరు చూపించి ఇంకాసిన్ని అడిగితే కోప్పడింది.

"ఇనుముకు తాగేనీళ్ళా? మీకేమన్నా బుద్ధుండాదా?" అని లోపలికి వెళ్ళి, గిన్నెలు కడిగిన నీళ్ళు బానెడు తెచ్చింది. జొన్నరొట్టె ముక్కలు తేలుతున్నాయి. నా తువ్వాలుతో వడగట్టాను. చల్లారాక ఇంజను తిప్పుతూ కాస్త కాస్త పోశాను. ఆ కారు చరిత్రలో అలాంటి నీళ్ళు అదే మొదటిసారి తాగి ఉంటుంది.

నేను ఒక ప్లగ్గు విప్పి తీసుకెళ్ళి నారాయణప్పగారి చేతిలో పెట్టాను. తెల్లటి పింగాణీ మీద సన్నటి వెండి చుక్కలు. ఆయన కళ్ళలోకి చూసి, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పాను. "ఇది పిస్టను పొడి. కొట్టిన ప్రతిసారీ ఇట్లా రాలుతోంది. మీకు వినబడేది అదే."

ఆయన ఆ చుక్కల్ని వేలితో తడిమారు. జరీ నాణ్యం చూసే వేలు అది. తడుముతూనే, "అయితే నీకు చెప్పేసిందా ఇది?" అని భార్య వైపు చూశారు. తర్వాత నాతో, "కొట్టుడు తీసెయ్ మేస్త్రీ. దాన్ని చంపుకోని నేను తోలేదేముండాది? పెద్దోనికి ఫోను చెయ్యి, లారీ పంపిస్తాడు" అన్నారు.

ఆ మాట నాకు భరించడం కష్టమైంది. నేను తోలుకుపోతే కారు నిక్షేపంగా పోతుంది. కానీ ఆయన తోలాలన్నదే కదా పందెం.

ఓబుళమ్మగారు లేచి కొంగు దోపుకున్నారు. "లారీ ఎందుకు? యోవ్, ఇట్ల చూడు. మగ్గం మీద ఏం చేస్తాంటిమి మనం?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పారు. పెద్దంచు చీర నేసేటప్పుడు నేతగాడి పక్కన, అంచువైపు ఇంకో మనిషి కూర్చోవాలి. అంచు రంగు దారాన్ని పడుగులోంచి అటూ ఇటూ మోసే నాడెను ఆ మనిషే విసరాలి. పెళ్ళయిన కొత్తల్నుంచీ ఆ పక్కసీటు ఆవిడదే. మగ్గాల మోతలో నోటిమాట పనిచెయ్యదు కనక ఆయన మోకాలితో ఆవిడ మోకాలు తట్టేవారు. ఒక తట్టు అయితే విసురు. రెండయితే ఆగు, దారం తెగింది.

"అన్నేండ్లు ఈయప్ప తట్టితే నేను ఇసిరినా. ఇప్పుడు నేను తడతా. ఇంజను ఏమంటాదో నాకు నేర్పు మేస్త్రీ" అన్నారు.

బెళుగుప్ప దారి

ఆ కొట్టం ముందే మళ్ళీ బల్బు వెలిగించి టైమింగ్ పెట్టాను. కొట్టం ఆవిడ బల్బు వెలగడం చూసి, "ఇంతేనా?" అంది. అంతే తల్లీ!

అనంతపురంలో ఆ రాత్రికి ఆగి, తెల్లారి కళ్యాణదుర్గం దారి పట్టాం. ఈసారి ఓబుళమ్మగారు ముందు, నేను వెనక. ఆవిడ కుడిచెయ్యి ఆయన మోకాలి మీద. నేను ఆవిడ చెవి దగ్గర గురువును.

"మూలుగుతోంది చూడండి, బరువు మోయలేక. అప్పుడు రెండు తట్టండి, కింది గేరు. అదిగో, అరుస్తోంది, ఊరికే. ఒకటి తట్టండి, పై గేరు."

మొదట్లో అంతా గందరగోళమే. గుంతలో పడి బండి దడేల్మంటే ఆవిడ హడలి రెండు తట్టారు. ఆయన కింది గేరు వేశారు. మేకలు చెదిరిపోయాయి. కాపరి మా ముగ్గుర్నీ కలిపి తిట్టాడు. ఆయనకు వినపడలేదు కనక మాకిద్దరికే చెందింది.

"కొంచెం నిదానంగా పోవయ్యా, నేనింకా ఇంటాండా!" అని ఆవిడ ఆయన మోకాలి మీద గట్టిగా ఒక్కటిచ్చారు. పాపం ఆయన దాన్నీ గేరనుకుని మార్చారు. ముగ్గురికీ నవ్వాగలేదు.

కళ్యాణదుర్గం దాటేసరికి నా అవసరం తీరిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ వేలు తట్టేది. చదును నేల మీద, రెండు పక్కలా కోసేసిన శెనక్కాయ చేల మధ్య, కారు తేలిపోతున్నట్టు సాగింది. ఆవిడ తల పక్కకు వంచి చాలాసేపు విన్నారు.

"ఇప్పుడేమీ తట్టద్దా?" అని అడిగారు.

"వద్దమ్మా. ఇప్పుడు డబ్బా పనిచేస్తోంది. దాన్ని అలా పోనివ్వండి."

ఆవిడ చెయ్యి మాత్రం మోకాలి మీదినుంచి తియ్యలేదు. వెనక కూర్చుని నేను ఎంత హాయిగా ఉన్నానో చెప్పలేను. నా జీవితంలో ఎన్నో కార్లు బాగుచేశాను. ఆ రోజు ప్రయాణించినంత సుఖంగా ఏ కారులోనూ ప్రయాణించలేదు.

బెళుగుప్పలో, మగ్గం మానేసి సేద్యంలోకి దిగిన ఓబుళమ్మగారి తమ్ముడు చేలో బోరు దగ్గర ఉన్నాడు. మేము గట్టు పక్కకు వచ్చి ఆగేదాకా తల తిప్పలేదు. చూసి అదిరిపడ్డాడు. "ఏమి బావా, సప్పుడే లేకుండా వచ్చినావే!"

నారాయణప్పగారు అతని పెదవులు చూసి, గంభీరంగా, "మంచి ఇంజను సప్పుడు చెయ్యదప్పా" అన్నారు.

ఓబుళమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బోరు గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు మణికట్టంత లావు కూడా లేవు. ఊరంతా చుట్టూ నిలబడి ఆ ధారనే చూస్తున్నారు. మా వైపు కాలవ గండి పడితే తప్ప ఎవరూ నీళ్ళవంక అలా చూడరు. టెంకాయ కొట్టి, పసుపు కుంకుమ వేసి, ఆ నీళ్ళు అందరి తలల మీదా చల్లారు. వెళ్ళి కారు మీద కూడా చల్లారు. రాగిసంగటి, వేరుశెనగ్గింజల పులుసు, జొన్నరొట్టెలు పెట్టారు. సంగటి నమలకూడదు, మింగాలని నాకు ముగ్గురు వేర్వేరుగా బోధించారు.

మళ్ళీ ధర్మవరం

తిరుగు దారిలో ఎక్కడా ఆగలేదు, ఆగింది టీ కోసమే. ఇంటి ముందుకు వచ్చేసరికి గుజిరీవాడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. శ్రీరాములు లేచి వచ్చి రేడియేటరు మీద చెయ్యి పెట్టి చూశాడు. తండ్రిని కాదు, నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"నాయన బాగ తోలినాడా, మేస్త్రీ? నిజం చెప్పల్ల."

"మీ అమ్మగారు పక్కనుంటే ఎంత దూరమైనా తోలతారు."

అతనికి ఎంత తెలుసో, ఏమి తెలుసో నేను చెప్పలేను. "మాయమ్మ లేకుండా నాయన యాడికి పోయినాడులే" అని, అరుగు వైపు తిరిగి, "ఇప్పుడొద్దులేప్పా, పో" అన్నాడు. గుజిరీవాడు తువ్వాలు దులుపుకుని లేచాడు. బాషా అప్పటికే బానెట్టు ఎత్తి చెవి పెట్టి వింటున్నాడు, మొహమంతా నవ్వే.

నన్ను స్టేషనుకు ఆ దంపతులే దింపారు. రైలుకు ఇంకా టైముంది. బయట వేపచెట్టు నీడలో కారు ఆపారుగానీ ఇంజను ఆపలేదు. నారాయణప్పగారు స్టీరింగు మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు తిరిగి, ఏ దాపరికమూ లేకుండా అడిగారు.

"మేస్త్రీ, ఇప్పుడు దీని సప్పుడు నాకు తెలియదు గదా. ఎట్ల పలుకుతాంది?"

ఇన్నేళ్ళు ఇంజన్ల మధ్య బతికినవాణ్ణి, "బాగుందండీ" అన్నాను. అదీ ఒక జవాబేనా?

ఓబుళమ్మగారు ఆయన ఎడమచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. అరచెయ్యి తెరిచి, దానిమీద నాలుగు వేళ్ళూ ఒకదాని వెంట ఒకటి ఆడించడం మొదలుపెట్టారు. నాలుగు సిలిండర్ల ఇంజను అది. మెత్తగా, ఒకే తీరుగా, ఎక్కడా తడబడకుండా ఆ వేళ్ళు నడిచాయి. ఆయన కళ్ళు మూసుకున్నారు.

"ఇంత నెమ్మదిగనా?" అన్నారు కాసేపటికి.

ఆయన కళ్ళు తెరవలేదు కనక ఆవిడ నోటితో ఏమీ చెప్పలేదు. చేతిని ఒక్కసారి గట్టిగా నొక్కి, మళ్ళీ వేళ్ళు ఆడించారు.